చిల్లుపడిన గుండిగ

మా బాల్యమున ఒకనాటి ఉదయము మా ఇంట రాజుకొన్న పొయ్యి చుయ్యిమని ఆరిపోయెను. కట్టెలు పచ్చివి కావు. అన్నము వండు ఇత్తడి గుండిగకు అడుగున చిల్లుపడి ఎసరు కారుచుండగా ఎవ్వరును గమనింపలేదు. మా నాయనమ్మ దానిని దింపి, బోర్లించి, వెలుతురునకు ఎత్తి చూచి, "ఇక దీనికి మాటు నిలవదురా" అనెను. అప్పటికే దానికి రెండు మాటులుండెను. ఆ పూట అన్నము కుండలో ఉడికినది. ఆనాడు మొదలు మూడు నాలుగు దినములు మా ఇంట ఆ గుండిగను గూర్చిన చర్చయే జరిగెను.

చెడిపోయిన వస్తువునకు మారుగా మరియొకటి తెచ్చుకొనుట నేడు అంగడిలో తీరిపోవు బేరము. ఆనాడది ఇంటి ఆస్తిలో ఒక భాగమును కదలించుట. ఈ భేదము ఎప్పుడు, ఎట్లు వచ్చినదో తెలియవలెనన్న వంటగిన్నెల చరిత్రను కొంత తిరుగవేయవలెను. అది రాజుల యుద్ధముల చరిత్ర కాదు. అయినను అందులో మద్రాసు ప్రభుత్వమును, లండనులోని ఒక మంత్రియును, అమెరికాలో అప్పుడే కళాశాల విడిచిన ఒక యువకుడును పాత్రధారులు.

పేదయింట మట్టికుండ, కలిగినయింట ఇత్తడి అని విభజించి చెప్పుట సులభమే. నిజమునకు అనేక కుటుంబములలో ఒకే వంటయింట రెండును ఉండెడివి. వానితోపాటు రాచ్చిప్పయు, కంచుగిన్నెయు, చారు కాచుకొను సత్తుగిన్నెయు ఉండెడివి. వీనిలో ప్రతిదానికిని చెడిపోవు తీరు వేరు, మార్చుకొను తీరు వేరు.

కుండ పగిలినచో చింత లేదు. గ్రామపు కుమ్మరి పంటకాలమున కళ్లమువద్ద తన మేర ధాన్యము కొలిపించుకొని, ఏడాది పొడుగున రైతుల ఇండ్లకు కుండలు ఇచ్చుచుండెను. పగిలిననాడు చేతిలో కాసు లేకున్నను క్రొత్తకుండ పొయ్యి ఎక్కును. మైల వచ్చినపుడు వంటకుండలను పారవేసి క్రొత్తవి తెచ్చుకొను ఆచారము అంతకాలము నిలుచుటకు ఈ ఏర్పాటు కూడ ఒక కారణమై యుండునని మా ఊహ. రాచ్చిప్ప మాత్రము క్రింద పడినచో పోయినట్లే. దానికి మాటు లేదు, మారకము లేదు.

ఇత్తడి సంగతి అట్లు కాదు. రాగియు తుత్తునాగమును కలిసినది ఇత్తడి. పాత్ర వెలలో అధికభాగము లోహపు తూకమునకే చెల్లును. కంచరి మజూరి కొంచెమే. చెడిన పాత్రను కంచరియొద్దకు కొనిపోయినచో అతడు దానిని తక్కెడలో వేసి, మసికిని మాటులోని పరాయి లోహమునకును తరుగు తీసి, మిగిలిన తూకమును క్రొత్తపాత్ర తూకమునకు చెల్లుపెట్టుకొని, తేడాయును మజూరియు మాత్రము తీసికొనును. కరగిన ఇత్తడి మరల ఇత్తడియే. అందుచేత ఒకసారి గుండిగ కలిగిన ఇల్లు కొద్దిపాటి ఖర్చుతో తరతరములు గుండిగ కలిగిన ఇల్లుగనే నిలువగలదు. లేని ఇంటికి ఆ మొదటి గుండిగను కొనుటయే గండము. ఆడపిల్ల సారెలో ఇత్తడి సామానునకు అంత ప్రాధాన్య మెందుకు వచ్చినదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. పుట్టింటివారు ఆ గండమును ముందుగనే దాటించి పంపుచుండిరి.

మరియొక ఉపయోగమును మరువరాదు. వానలు తప్పిన ఏట, జబ్బు వచ్చిన ఇంట, మొదట తాకట్టునకు పోవునది బంగారమైనచో, బంగారము లేని చోట పోవునది బిందెయు గంగాళమును. అటకమీద బోర్లించియున్న పెద్దపాత్రలు పెండ్లిండ్ల కొరకే అని పిల్లలమైన మేము అనుకొనెడివారము. వానిని చూచి ధైర్యము తెచ్చుకొనునది పెద్దలు.

గోదావరి డెల్టాలోని అజ్జరము, శ్రీకాకుళము జిల్లాలోని బుడితి, జనగామ దగ్గరి పెంబర్తి ఈ లోహపు పనికి నేటికిని పేరుపొందిన ఊళ్లు. అయితే పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము నాటికి మన కంచరులు కొట్టు రేకులో పెద్దభాగము ఐరోపానుండి ఓడలలో దిగుచున్నదే. సుత్తి మనది, పనితనము మనది, లోహము మాత్రము పరులది. అక్కడ రాగి వెల పెరిగినచో ఇక్కడ గుండిగ వెల పెరుగును.

ఇత్తడికిని రాగికిని ఒక దోషము కలదు. పులుపు తగిలినచో చిలుము పుట్టును. అది కడుపులోనికి పోరాదు. దానికి విరుగుడు కళాయి. కళాయివాడు వీథిలో చిన్నగుంట త్రవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజవేసి, తోమిన పాత్రను వానిపై త్రిప్పుచు కాచును. నవాసారపు పొడి చల్లగానే తెల్లని పొగ లేచి ముక్కుపుటములు అదరగొట్టును. వెంటనే తగరపు కడ్డీని తాకించి, దూదితో లోపల నంతటను రుద్దును. అంతవరకు నల్లగా నున్నది రెప్పపాటులో వెండివలె మెరయును. బడికి పోవలసిన పిల్లలు ఆ గుంటచుట్టు చేరి కదలెడివారు కారు. ఇందులోని రహస్యము నవాసారమునందే యున్నది. వేడికి అది లోహముమీది మలినపు పొరను తొలగించును. శుభ్రమైన లోహమునకే తగరము అంటుకొనును. తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును గనుక, వట్టిగిన్నెను పొయ్యిమీద మరచినచో కళాయి పోవును, కోడలికి చీవాట్లు మిగులును. ఈ ఖర్చు మరల మరల వచ్చునదే. చిల్లుపడినచో మాటు ఖర్చు అదనము. ఇత్తడి కలిగియుండుట ఒక భాగ్యమే, కాని ఆ భాగ్యమునకు పోషణ కావలెను.

ఇట్టి ఏర్పాటులోనికి ఒక తెల్లని తేలికలోహము వచ్చి చేరినది.

అల్యూమినియము భూమి పైపొరలో ఇనుముకంటెను విస్తారముగ కలదు. కాని అది ప్రాణవాయువుతో గట్టిగ పెనవేసికొని యుండుటచే మానవునకు చాలకాలము చిక్కలేదు. 1855లో పారిసు ప్రదర్శనమున దాని కడ్డీలను అపురూప వస్తువులుగ చూపిరి. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను దానితో భోజనపు సామగ్రి చేయించుకొనెను. అమెరికాలో వాషింగ్టను స్మారకస్తంభపు కొనమీద 1884లో అమర్చిన చిన్న శిఖరము ఈ లోహముదే. అప్పటికింకను అది గొప్పకు పెట్టుకొను వస్తువు. తరువాత రెండేండ్లకు, 1886లో, అమెరికాలో ఛార్లెసు హాలు, ఫ్రాన్సులో పాల్ హెరూ, ఒకరి నొకరు ఎరుగకయే, విద్యుచ్ఛక్తితో దానిని విడదీయు పద్ధతిని కనుగొనిరి. ఇద్దరును 1863లో పుట్టినవారు, ఇద్దరును 1914లో మరణించినవారు అగుట చరిత్రలోని ఒక వింత. అమెరికాలో 1888లో పౌను సుమారు 5 డాలర్లు పలికిన అల్యూమినియము 1893 నాటికి 80 సెంట్ల లోపునకు దిగెను. చక్రవర్తి పళ్లెము వంటయింటికి రాదగినదాయెను.

అది తెలుగువారి వంటయింటికి వచ్చిన దారి మద్రాసుమీదుగా సాగినది. ఆ నగరమున ఇంజనీరింగు ఆచార్యుడుగా నుండిన ఆల్ఫ్రెడు ఛాటర్టను అను ఆంగ్లేయుడు 1898లో అక్కడి చిత్రకళా పాఠశాలలో అల్యూమినియపు పాత్రలు చేయు ప్రయోగమునకు పూనుకొనెను. ఆ పాఠశాల 1850లో స్థాపింపబడినది. కొయ్యపని, లోహపుపని అందు నేర్పుచుండిరి. ఛాటర్టను ఆలోచన సామాన్యమైనది. ఈ దేశమున ప్రతియింటను లోహపు పాత్రలు కావలెను. ఇత్తడి, రాగి బరువైనవి, వెలగలవి, కళాయి అడుగునవి. రేకును సుత్తితో సాగగొట్టు విద్య ఇక్కడి పనివారికి తరతరములుగా వచ్చినది. క్రొత్తలోహమును వారిచేతికి ఇచ్చి చూడవలెనని అతని సంకల్పము. పాత్రలు అమ్ముడుపోయినవి. వర్తకులు ధైర్యము తెచ్చుకొనిరి. 1903లో ప్రభుత్వము ఆ కర్మాగారమును ఇండియన్ అల్యూమినియం కంపెనీ అను ప్రైవేటు సంస్థకు అమ్మివేసి తప్పుకొనెను.

ఇక్కడ లెక్క ఒకటి చూడవలెను. అదే గిన్నెల బేరపు గుట్టు. ఇత్తడి నీటికంటె సుమారు ఎనిమిదిన్నర రెట్లు బరువు. అల్యూమినియము రెండు ముప్పాతిక రెట్లకు కొంచెము తక్కువ. కావున ఒకే కొలత, ఒకే దళసరి గల గిన్నెకు ఇత్తడి మూడుపాళ్లు పట్టినచోట అల్యూమినియము ఒకపాలే చాలును. తూకమునకు తూకము అది ఇత్తడికంటె ప్రియమైనను గిన్నెకు గిన్నె చౌక కాగలదు. గృహిణి కొనునది గిన్నెను గాని తూకమును కాదు గదా! కళాయి అక్కరలేదు. నూతినుండి మోసికొనివచ్చు బిందె తేలికయైనచో నడుమునకు కలుగు మేలును లెక్కలో వేసినవారు తక్కువ, అనుభవించినవారు ఎక్కువ.

ప్రభుత్వమే గిన్నెలు చేసి అమ్మవచ్చునా అను ప్రశ్న ఛాటర్టనును విడువలేదు. అల్యూమినియము తరువాత అతడు క్రోము తోళ్ల పరిశ్రమను ప్రభుత్వ ధనముతో నెలకొల్పగా, మద్రాసులోని ఐరోపా వర్తకులు అభ్యంతరము తెలిపిరి. 1910లో లండనునుండి ఇండియా మంత్రి మార్లే ప్రభువు తీర్పు చెప్పెను: ప్రభుత్వము పనివారికి విద్య నేర్పవచ్చును, వ్యాపారము చేయరాదు. ఈ మార్లే గ్లాడ్‌స్టను జీవితచరిత్ర వ్రాసిన పండితుడు, ఉదారపక్షపు నాయకుడు. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. ప్రజల పన్నుతో ప్రజలతోనే పోటీ పడుట అనుమానింపదగిన పనియే. కాని మొదటి గిన్నెను చేసి చూపు సాహసము 1898లో ఏ వర్తకుడును చేయకుండెను గదా అని మాకు తోచును. ఆ తరువాత 1916లో నియమింపబడిన పారిశ్రామిక సంఘములో ఛాటర్టను సభ్యుడయ్యెను. 1918లో ఆ సంఘము పరిశ్రమలకు ప్రభుత్వము చేయూత నీయవలెననియే చెప్పెను.

తెలుగు ఇల్లు ఈ లోహమునకు పేరు పెట్టుకొన్న తీరు చూడుడు. కొన్ని సీమలలో దానిని సత్తు అనిరి. తెల్లని మెత్తని లోహములకు ఆ మాట మనకు ముందునుండియు ఉన్నదే. మరికొన్ని చోట్ల, ముఖ్యముగ తెలంగాణమున, సిలవరు అనిరి. వెండికి ఇంగ్లీషువాడు పెట్టుకొన్న పేరును మనవారు చౌకగిన్నెకు తగిలించిరి. అంగడివాడు మెరుపు చూపి చెప్పిన మాటను జనులు నమ్మిరో, నవ్వుచు నిలుపుకొనిరో చెప్పలేము.

ఇత్తడి ఏనాడును చేరని ఇండ్లకు ఈ సత్తు చేరినది. అది దాని గొప్ప. కూలిచేసికొను కుటుంబము ఒక వారపు సంతలో, కుండకు మారుగా, క్రింద పడినను పగులని గిన్నెను కొనగలిగినది. ఇత్తడి ఉన్న ఇండ్లకు మాత్రము అది ఒక క్రొత్త చిక్కు తెచ్చినది. ఇంటిలో ఇత్తడి చెడిన ప్రతిసారియు సత్తు అంగడిలో నిలిచి పిలుచుచుండెను: తేడా కట్టి మరల ఇత్తడి కొననేల, ఇత్తడిని అమ్మి, నన్ను కొని, మిగిలిన రూపాయలు చేతబట్టుకొని పొమ్మనుచుండెను. ఇరుకున నున్న సంసారికి ఆ పిలుపు కాదనుట కష్టము.

కాని సత్తుగిన్నెకు మాటు లేదు. ఈ లోహము గాలి తగులగానే తనమీద తాను ఒక సన్నని గట్టిపొరను కప్పుకొనును. త్రుప్పునుండి దానిని కాపాడునది ఆ పొరయే. కళాయివాని తగరమును అంటనీయనిదియు ఆ పొరయే. నవాసారము అక్కడ పని చేయదు. ఇత్తడిమీద అంత ప్రభావము చూపిన చేయి సత్తుముందు ఓడిపోయినది. ఉప్పు, చింతపండు చిరకాలము తగిలినచో ఆ పొర అక్కడక్కడ చెడి, సూదిమొనలంత గుంటలుపడి, కడపట చిల్లులగును. చిల్లునకు రెండుప్రక్కల బిళ్లలు పెట్టి బిగించు పద్ధతియొకటి వచ్చినది గాని, ఎసరు పెట్టు గిన్నెకు అది అంతగా నప్పలేదు. పాతగిన్నెను తూకమునకు వేసినచో తేలికలోహము గనుక వచ్చునది స్వల్పము. కొన్ననాడు మేలు చేసిన తేలికదనము అమ్మిననాడు కీడు చేసినది.

యుద్ధము వచ్చినపుడు చౌకగిన్నెకును గౌరవము కలిగినది. 1940 జూలైలో బ్రిటనున విమానోత్పత్తి మంత్రి బీవర్‌బ్రూకు ప్రభువు గృహిణులను అల్యూమినియపు గిన్నెలు ఇండని వేడగా, వారు వంటయిండ్లు ఖాళీచేసి కుప్పలు పోసిరి. ఆ గిన్నెలలో చాలవరకు విమానములకు పనికిరాలేదని తరువాత చెప్పుకొనిరి. మనదేశమున అల్యూమినియము తీయుట ఆ యుద్ధకాలమందే మొదలైనది: 1943లో కేరళలోని ఆల్వే దగ్గర, తరువాత ఆసన్‌సోలు దగ్గర. విశాఖ మన్యపు కొండలమీద దాని ఖనిజమున్నదని తెలియుటకు ఇంకను చాలకాలము పట్టెను.

స్టెయిన్‌లెసు స్టీలు కథ వేరు. 1913లో షెఫీల్డున హారీ బ్రేర్లీ చేసిన ఉక్కు మన ఇండ్లలోనికి 1960 దాటిన తరువాతనే విరివిగ వచ్చినది. అది చిలుము పట్టదు, చిల్లు పడదు, కళాయి కోరదు. కళాయివాని కేక మన వీథులలో క్రమముగ వినబడకపోవుటకు అదే ముఖ్యకారణము. చిత్రమేమనగా, పాతదానికి క్రొత్తది ఇచ్చు ఆచారము స్టీలుతో మరియొక రూపమున తిరిగివచ్చినది: పాతబట్టలకు స్టీలు సామాను. జరీచీరకు పెద్దగిన్నెయే వచ్చును. అంచును కాల్చినచో అందులోని వెండి దక్కునని ఆ బేరగానికి తెలియును. మన తల్లులకును తెలియును. అయినను ఇచ్చిరి.

ఇక మా గుండిగ. అది మా నాయనమ్మకు పుట్టింటివారు పెట్టినది. కంచరి అంగడిలో తూచి, తరుగు తీసి, క్రొత్తదానికి కట్టవలసిన తేడా చెప్పిరి. తేడా పెద్దది కాదు. కాని ఆ వారమే మా అన్నగారు ఎస్. ఎస్. ఎల్. సి. పరీక్షకు రుసుము కట్టవలసియుండెను. రెండింటికి డబ్బు లేదు. మా నాయన రెండుదినములు మాటాడక, మూడవనాడు "అమ్మా, సత్తు డబరా తెచ్చుకుందామే" అనెను. నాయనమ్మ చాలసేపు ఊరకుండి, "ఇప్పుడమ్మితే మళ్లీ కొనలేంరా" అని మాత్రము చెప్పి, గుండిగను తానే చింతపండు పెట్టి తోమి యిచ్చెను. అమ్మబోవు పాత్రను ఎందుకు తోముచున్నదో అప్పుడు మాకు తెలియలేదు. మసి తరుగు తగ్గునని తరువాత తెలిసినది.

రుసుము కట్టిరి. అన్నగారు పరీక్షలో కృతార్థులై, తాలూకా కచేరీలో గుమాస్తాగ చేరిరి. ఆ ఉద్యోగమే తరువాత మమ్ములను చదివించినది. సత్తు డబరాలో మొదట కొన్నాళ్లు అన్నము అడుగంటినది, రేకు పలుచన. నాయనమ్మ తన మడిగిన్నె ఇత్తడిదే ఉంచుకొనెను. ఆమె చెప్పినట్లు మా ఇంట మరల గుండిగ కొనలేదు. కొనగలిగిన రోజులు వచ్చునప్పటికి అన్నము కుక్కరులో ఉడుకుచుండెను.

డబరా ఏడెనిమిదేండ్లు మన్నినది. ఒకనాడు వీథిలోనికి వచ్చిన కళాయివానికి దానిని చూపగా, అతడు వ్రేలితో తట్టి, "అమ్మగారూ, దీనికి నా దగ్గర మందు లేదండీ" అని తిరిగి ఇచ్చివేసెను. పాతసామానువాడు చెప్పిన వెల వినిన నాయనమ్మ దానిని పెరటిలోనికి కొనిపోయి, మన్ను నింపి, తులసిమొక్క నాటెను. అడుగున చిల్లులుండుటచే నీరు నిలువలేదు. మొక్క ఏపుగ పెరిగినది.